గాబ్నెట్ కట్టిన కట్టు

మా లోయలో చెయ్యో కాలో విరగ్గొట్టుకోని మగవాడు లేడు. రాళ్ళ కొండ, ఎప్పుడూ ఆరని తడి, మాట వినని గాడిదలు, ఆదివారం కర్రలతో ఆడే హర్లింగ్ ఆట. ఇన్ని ఉన్నచోట ఎముకలు విరక్కుండా ఎట్లా ఉంటాయి? విరిగినవాణ్ణి తలుపు చెక్క మీద పడుకోబెట్టి గాబ్నెట్ డొనకా ఇంటికి మోసుకుపోయేవాళ్ళం. డొనకా ఆమె తండ్రి. మా వైపు మనిషిని తండ్రి పేరుతోనే పిలుస్తారు. హెర్లిహీ అనే ఇంటిపేరు పోలీసులకు తప్ప ఎవరికీ అవసరం లేదు.

ఎముకలు కట్టే విద్య ఆ ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. డొనకాకి కొడుకులు లేరు. అందుకని కూతురు చిన్నదిగా ఉన్నప్పుడే ఒక మట్టికుండని గోనెసంచిలో వేసి గోడకేసి కొట్టి, సంచి మూతి కట్టి ఆమె ఒళ్ళో పడేశాడు. సంచి విప్పకూడదు. పైనుంచి తడుముతూ పెంకులన్నీ లోపలే మళ్ళీ కుండగా నిలబెట్టాలి. ఆ చలికాలమంతా ఆ పిల్ల అదే పని చేసిందట. నేనెరిగేనాటికి ఆమెకి యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. పొట్టి మనిషి, కమ్మరివాడి ముంజేతులు.

ఆమెకి మూడే కట్టుబాట్లు. డబ్బు తీసుకోకూడదు. వచ్చినవాణ్ణి, వాడెవడైనా సరే, వెనక్కి పంపకూడదు. పిలవని ఇంటికి వెళ్ళకూడదు. ఇందులో ఏది తప్పినా చేతిలో పట్టు పోతుందని ఆమె నమ్మకం.

ఇంకోటి ఉంది, అది కట్టుబాటు కాదు, పనితనం. కీలు తప్పినవాడు భయంతో ఒళ్ళంతా బిగబట్టుకుని కూర్చుంటాడు. బిగుసుకున్న కండని లాగడం ఎద్దు వల్ల కూడా కాదు. అందుకని గాబ్నెట్ వాణ్ణి తిట్టేది. మామూలు తిట్లు కావు. వాడి నడక, వాడి పెళ్ళాం, వాడు నిరుడు సంతలో అమ్మిన కుంటి దూడ, అన్నీ బయటికి తీసేది. వాడికి ఒళ్ళు మండి, నొప్పి మరిచిపోయి, జవాబు చెప్పడానికి నోరు తెరిచిన ఆ క్షణంలో లాగేది. ఒకసారి మా ఫాదర్ గారు గుర్రం మీంచి పడ్డారు. "మీరు ప్రసంగం మొదలుపెడితే గోడ మీది సెయింట్ల బొమ్మలు కూడా ఆవలిస్తున్నాయి ఫాదర్," అంది. ఆయన మొహం కందగడ్డ అయింది. "ఏమన్నావే..." అనేలోపు టక్కున శబ్దం, భుజం చోటికి వచ్చేసింది. ఆమె ఇంట్లోంచి వచ్చే తిట్లూ అరుపులూ వింటే కొత్తవాడు ఎవరో ఎవరినో చంపేస్తున్నారనుకుంటాడు. మేము మాత్రం పొలంలో తలెత్తకుండానే, "ఎవడో భుజం జార్చుకున్నాడు," అనుకునేవాళ్ళం.

పంతొమ్మిదివందల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో, ఇంగ్లీషువాళ్ళ పాలన మీద తిరగబడ్డ మా దళం రోడ్లు తవ్వే పనిలో ఉంది. సైన్యం లారీలు లోయలోకి రాకూడదని రోడ్లకి అడ్డంగా కందకాలు తవ్వేవాళ్ళం, వంతెనలు పడగొట్టేవాళ్ళం. మాకు కవాతు నేర్పడానికి కార్క్ నగరం నుంచి ఫాక్ట్నా లూసీ అని ఒకడొచ్చాడు. లా చదువుతున్నవాడు. ధైర్యవంతుడే, ఆ మాట కాదనను. వాడు మాట్లాడుతుంటే మేము స్వాతంత్ర్యం రేపొద్దున్నే వస్తుందనుకునేవాళ్ళం. ఒకరోజు వంతెన గోడ పక్కకి పడి వాడి కుడికాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. గాబ్నెట్ ఇంటికి చేర్చేసరికి స్పృహలో లేడు. ఒళ్ళు తెలియనివాణ్ణి తిట్టే పనేముంది? ఆమె మౌనంగా లాగి, కాంఫ్రీ వేరు తురిమి కోడిగుడ్డు తెల్లసొనలో కలిపి పట్టు వేసి, విల్లో చెట్టు బద్దలతో కట్టు కట్టింది.

"వచ్చే నెల పాట్రిక్ పండక్కి ముందు ఈ కట్టు నేనే విప్పి, ఎముక చూసి మళ్ళీ కట్టాలి. లేకపోతే ఒరుగుతుంది," అని మాకు చెప్పింది.

వాణ్ణి వెనకగదిలో దాచాం. ఆ గదిలో ఒక మూల గంపలో పెంపుడు బాతు గుడ్ల మీద కూర్చుని ఉంది. వంటింటికీ ఆ గదికీ మధ్య చెక్క గోడ, ఒక తలుపు. ఫాక్ట్నా దుప్పటి కింద పిస్తోలు పెట్టుకునే పడుకునేవాడు.

"నన్ను ప్రాణాలతో పట్టుకోలేరు," అనేవాడు.

"సరేలే నాయనా, నా బాతుని మాత్రం కాల్చకు," అనేది గాబ్నెట్.

ఒక మధ్యాహ్నం నేను వాడికి కబురు చెప్పడానికి వెళ్ళాను. వాడు నిద్రపోతున్నాడు. వంటింట్లో కూర్చుని బంగాళాదుంప ఒలుచుకుంటున్నాను. కింది సగం మూసిన తలుపు మీంచి బయటికి చూసిన గాబ్నెట్ అట్లాగే నిలబడిపోయింది.

సైనికులు దారమ్మట నడిచి వస్తున్నారు. మధ్యలో వాళ్ళ ఆఫీసరు, ఒక కెప్టెన్; అతని కుడిచెయ్యి గుడ్డపీలికలా వేలాడుతోంది. ముందు మా వైపు పోలీసు సార్జెంట్ హెస్లిన్. మేము తవ్విన కందకంలోనే వాళ్ళ లారీ బోర్లా పడింది. రోడ్డు తెగింది కాబట్టి పట్నంలో డాక్టరు దగ్గరికి పోలేరు. దగ్గర్లో కట్టు కట్టే మనిషి ఉందని హెస్లిన్‌కి తెలుసు. వాళ్ళని ఈ గడపకి తెచ్చింది మా పారలే.

నేను వెనకగది వైపు లేచాను. గాబ్నెట్ నా భుజం పట్టి కుదేసింది.

"ఇటు పారిపోతే చూస్తారు. చెయ్యివ్వు."

బాగున్న నా మణికట్టుకి రెండు బద్దలు పెట్టి గబగబా గుడ్డ చుట్టేసింది. ఆఖరి ముడి వేస్తుండగా హెస్లిన్ తలుపు తోశాడు.

"నీ పుణ్యాన ఇవాళ మాకొక పని చేసిపెట్టాలి గాబ్నెట్."

"రండి. బూట్లు తుడుచుకోండి."

హెస్లిన్ ఉత్తరాన లీట్రిమ్ జిల్లావాడు, పల్లెటూరి రైతు కొడుకు. మా వైపు అమ్మాయినే పెళ్ళాడాడు. మా మాటా మా మౌనమూ రెండూ వాడికి అర్థమవుతాయి. ఇంగ్లీషువాడికంటే వాడంటేనే మాకు భయం. నా చేతికేసి చూశాడు.

"నీకేమైందిరా?"

"గాడిద తన్నింది సార్."

"ఎవరి గాడిద?"

"వాళ్ళదే," అంది గాబ్నెట్. "ఆ ఇంట్లో తెలివైనది అదొక్కటే."

తలుపు దగ్గరున్న సైనికుడు నవ్వాడు. హెస్లిన్ నవ్వలేదు. కెప్టెన్ కుర్చీలో కూలబడ్డాడు. నా వయసువాడే ఉంటాడు. పెదవులు తెల్లబడ్డాయి. గాబ్నెట్ కోటు కత్తిరించి, భుజం తడిమి, దుప్పటి మడిచి అతని ఛాతీ చుట్టూ తిప్పి, రెండు కొసలూ హెస్లిన్ చేతిలో పెట్టింది.

"నేను ఇటు లాగుతుంటే నువ్వు అటు పట్టుకో."

అప్పుడు నాకు తట్టింది. 

ఫాక్ట్నాకి ఈ తిట్ల సంగతి తెలియదు. తనకి కట్టు కట్టినప్పుడు వాడికి స్పృహ లేదు. ఆ తర్వాత ఈ ఇంటికి కీలు తప్పినవాడెవడూ రాలేదు. ఇప్పుడు గాబ్నెట్ గొంతెత్తి తిట్టడం మొదలుపెడితే, ఆఫీసరు అరిస్తే, వాడు ఏమనుకుంటాడు? ఆమెని హింసిస్తున్నారనుకుంటాడు. కాలు ఈడ్చుకుంటూనైనా వచ్చి ఆ తలుపు తీసి కాలుస్తాడు. ఆ తర్వాత వాడూ ఉండడు, మేమూ ఉండం, ఈ ఇల్లూ ఉండదు.

నాకు తట్టింది ఆమెకి అంతకుముందే తట్టినట్టుంది. ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది. కెప్టెన్ పళ్ళు కొరికాడు. భుజం కదల్లేదు. ఇంకోసారి లాగింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎముక మాత్రం రాయిలా అక్కడే ఉంది.

హెస్లిన్ దుప్పటి కొసలు పట్టుకునే తల పక్కకి వంచాడు.

"ఏం గాబ్నెట్, ఇవాళ నోరు పడిపోయిందా? మా బావని తెచ్చినప్పుడు నీ గొంతు పక్క పారిష్‌కి వినపడింది. వాడి ఏడు తరాలనీ ఎత్తావు."

"వయసైపోతోంది సార్జెంట్."

"మొన్న క్రిస్మస్‌కి కాలేదే?"

ఆమె భుజం మళ్ళీ తడమసాగింది.

"ఎవరికన్నా వినపడుతుందని భయమా?" అన్నాడు హెస్లిన్, నెమ్మదిగా.

 పొయ్యిలో కాలుతున్న టర్ఫ్ మట్టిగడ్డ ఒకటి విరిగి పడింది. ఐరిష్‌లో అరిచి హెచ్చరిద్దామన్నా హెస్లిన్‌కి ఐరిష్ వచ్చు. 

గాబ్నెట్ నడుం నిటారుగా చేసింది. కెప్టెన్ ముందు నిలబడి, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా మొదలుపెట్టింది.

"వినండి దొరగారూ! నేనిప్పుడు మిమ్మల్ని తిట్టబోతున్నాను. నా పద్ధతి అది. తిట్టకపోతే ఈ భుజం రాదు. నేను అరుస్తాను, మీరు అరుస్తారు. చావు కేకల్లా ఉంటాయి. ఎవరికీ ఏమీ కాదు. బయటున్న మీవాళ్ళకి చెప్పండి. ఏం వినపడినా ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి. తుపాకీ పట్టుకుని లోపలికి దూకాడంటే వాడంత వెధవ ఇంకోడు ఉండడు!"

కెప్టెన్‌కి ఆ నొప్పిలోనూ వింతగా అనిపించినట్టుంది. తలుపు దగ్గరి సైనికుడికి తల ఊపాడు. వాడు బయటికి వెళ్ళి చెప్పొచ్చాడు.

"మా బావకి ముందుగా ఏమీ చెప్పలేదే," అన్నాడు హెస్లిన్.

"మీ బావ వెనక తుపాకులు లేవు."

వెనకగదిలోవాడికి మాట అందింది. కానీ ముందే చెప్పిన తిట్టుకి పస ఏముంటుంది? ఆమె అతని మీసాన్ని తిట్టింది, రాజుగారిని తిట్టింది, లారీ నడపడం రానివాడివి దేశాన్నేం నడుపుతావంది. అతను పళ్ళు బిగించి, తరువాతి తిట్టు కోసం కాచుకుని, ఇంకా బిగుసుకుపోయాడు. ఆమె లాగింది. ఈసారి అతను నిజంగానే కేక పెట్టాడు.

చెక్క గోడ వెనక మంచం కిర్రుమంది.

చిన్న చప్పుడే. హెస్లిన్ విన్నాడు. దుప్పటి కొసలు వదిలేశాడు.

"లోపల ఎవరు?"

"బాతు. గుడ్లు పొదుగుతోంది."

"బాతు మంచం ఎక్కుతుందా?"

హెస్లిన్ తుపాకీ తిత్తి మీద చెయ్యి వేసి తలుపు వైపు కదిలాడు. లావు మనిషి, అడుగేస్తే ఒళ్ళంతా అటూ ఇటూ ఊగుతుంది. చెయ్యి గడియ మీద పడింది. నేను లేచి నిలబడ్డాను. ఏం చేద్దామని లేచానో నాకే తెలియదు.

"తియ్యి సార్జెంట్, తియ్యి!" అంది గాబ్నెట్, కెప్టెన్ చెయ్యి వదలకుండానే. "మగబాతు కనపడక వారమైంది దానికి. నీ నడక చూసిందంటే మొగుడొచ్చాడని గుడ్లు వదిలేసి పోలీసు బారక్ దాకా నీ వెనకే వస్తుంది. నీ పెళ్ళానికి సమాధానం మాత్రం నువ్వే చెప్పుకోవాలి!"

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి బాతు బుస్సుమంది.

కెప్టెన్ హెస్లిన్ వీపుకేసి చూశాడు. ఇన్నాళ్ళూ ఆ నడక వెనకాలే నడిచినవాడు. ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. ఒళ్ళంతా వదులైంది. గాబ్నెట్ కాలు కుర్చీకి తన్నిపెట్టి లాగింది. టక్కుమంది. అతని నవ్వు మధ్యలో ఆగి, ఆశ్చర్యమై, మళ్ళీ నవ్వయింది. తలుపు దగ్గరి సైనికుడు గోడకి ఆనుకుని నవ్వుతున్నాడు. గాబ్నెట్ కూడా నవ్వింది. ఆగలేక, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అది ఎలాంటి నవ్వో నాకు తెలుసు. 

ఎర్రబడిన మొహంతో హెస్లిన్ గడియ మీంచి చెయ్యి తీశాడు. పై ఆఫీసరు అట్లా నవ్వుతుంటే బాతు గది తలుపు తీసేవాడెవడు?

కెప్టెన్ వేళ్ళు ఆడించి చూసుకుని జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అయితే నా మాట ఉంచుకోండి," అన్నాడు. "ఈ ఇంటిని మావాళ్ళెవరూ ముట్టుకోరు."

డబ్బు తీసుకున్నా అంత నష్టం జరిగేది కాదు.

వాళ్ళు మలుపు తిరిగాక నేను వెనకగది తలుపు తీశాను. ఫాక్ట్నా మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. పిస్తోలు నా గుండెకి గురి. మొహం నిండా చెమట.

"నవ్వుతున్నారు మీరు," అన్నాడు.

జరిగిందంతా చెప్పాను. విన్నాడు. "నాకు వినపడిందేదో నాకు వినపడింది," అన్నాడు. మర్నాడే వాణ్ణి గడ్డిబండిలో కొండ అవతలికి, కెలెహర్‌వాళ్ళ ఇంటికి చేర్చాం. వెళ్ళేటప్పుడు గాబ్నెట్‌తో మాట్లాడలేదు.

తర్వాత కొన్నాళ్ళకి మావాళ్ళు రోడ్డు మీద కాపుగాసి ఇద్దరు సైనికుల్ని చంపారు. దానికి బదులు మా వాగు పక్క ఇళ్ళన్నీ తగలబడ్డాయి. డెనీ క్రీడన్ ఇల్లు, మా ఇల్లు, ముసలి నెల్ ఇల్లు కూడా. మధ్యలో గాబ్నెట్ గడ్డికప్పు మాత్రం వాన నీళ్ళు కారుతూ పదిలంగా నిలబడి ఉంది. కెప్టెన్ మాట నిలబెట్టుకున్నాడు. బూడిదలో నిలబడ్డవాళ్ళంతా ఆ కప్పుకేసే చూశారు.

తను విన్నది ఫాక్ట్నా మా పైనున్న దళానికి చెప్పి పంపాడు. అబద్ధం ఒక్కటీ లేదు అందులో. ఆమె శత్రువుకి వైద్యం చేసింది, వాళ్ళతో కలిసి నవ్వింది, ఆమె ఇల్లు కాలలేదు. నేను చెప్పినదాన్ని ఎవరూ కాదనలేదు, పట్టించుకోనూ లేదు. కాలిపోయిన ఇంటివాడికి తప్పు మోపడానికి ఎవరో ఒకరు దొరకాలి.

పైనుంచి వచ్చిన ఆర్డరు చెప్పడానికి మా దళం నాయకుడు డెనీ క్రీడనే వెళ్ళాడు. చిన్నప్పుడు వాడి మోచెయ్యి రెండుసార్లు సరిచేసింది ఆమే. టోపీ తీయాలో వద్దో తేలక చేత్తో పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"నిన్ను వెలి వేశారు గాబ్నెట్. నీ గడప ఎవరూ తొక్కకూడదు. నువ్వు ఎవరి గడపా తొక్కకూడదు. నీ పాలు క్రీమరీలో తీసుకోరు."

ఆమె దుంపలు కడుగుతోంది.

"ఆ పిల్లాడి కాలు?"

"డాక్టరు చూస్తాడు."

"ఏ డాక్టరు? ఏ రోడ్డు మీద వస్తాడు? తవ్వింది నువ్వే కదురా."

డెనీ టోపీ తలకి పెట్టుకున్నాడు.

"వారంలో ఆ కట్టు విప్పాలి డెనీ. నన్ను ఆ తర్వాత వెలి వెయ్యండి."

"నా చేతుల్లో లేదు," అని వాడు వెళ్ళిపోయాడు.

పాట్రిక్ పండగ దగ్గర పడింది. ఎవరూ పిలవలేదు. పిలవని ఇంటికి ఎన్నడూ వెళ్ళని మనిషి, ఆ బుధవారం పొద్దున శాలువా కప్పుకుని, బద్దలూ గుడ్డలూ ఒక మూట కట్టుకుని కొండెక్కింది. నేను వెంట వెళ్ళాను. దారిలో పొలాల్లో ఉన్నవాళ్ళు మమ్మల్ని చూసి వీపు తిప్పారు. అన్నీ ఆమె సరిచేసిన వీపులే.

కెలెహర్ ఇల్లాలు తలుపు తీయలేదు. కిటికీలోంచి, "పో తల్లీ, మా కొంప కూడా ముంచకు," అంది.

గాబ్నెట్ తలుపుకి దగ్గరగా నిలబడింది. "ఫాక్ట్నా! కాలు బరువుగా ఉందా? మడమ బయటికి తిరిగినట్టుందా?"

లోపల మంచం కిర్రుమంది. తర్వాత వాడి గొంతు.

"ఉంది."

"తలుపు తీయమను నాయనా. నాతో మాట్లాడొద్దు. మొహం గోడకి తిప్పుకో. కాలొక్కటి ఇటివ్వు."

"ఆర్డరు నేను కోరి తెప్పించిందే," అన్నాడు ఫాక్ట్నా. "నా కోసమే దాన్ని తప్పమంటే రేపు ఎవడు వింటాడు?"

"నీ కాలు వినదు."

"నువ్వు నవ్వావు," అన్నాడు వాడు.

"నవ్వాను. నువ్వు బతికున్నావని నవ్వాను."

తలుపు తెరుచుకోలేదు.  వాన మొదలైంది. ఆమె మూట గడప మీద పెట్టి, కట్టు ఎట్లా విప్పాలో, ఎముక ఎక్కడ తడమాలో తలుపు చెక్కకే చెప్పింది, రెండుసార్లు. ఇల్లాలు విన్నదో లేదో. విన్నా, ఆ చేతులు ఎవరికి వస్తాయి?

జులైలో కాల్పులు ఆగాయి. ఆమె మీద వెలి ఎత్తేసినట్టు ఎవరూ చెప్పలేదు. హర్లింగ్ ఆటలో ఎవడికో వేలు విరిగింది, వాడు దొడ్డిదారిన వెళ్ళాడు. తర్వాతివాడు వీధిదారినే వెళ్ళాడు. అంతే.

మూడేళ్ళకి మా క్రాస్‌రోడ్డు దగ్గర చనిపోయినవాళ్ళకి రాతి శిలువ నిలబెట్టారు. దాన్ని ఆవిష్కరించడానికి ఫాక్ట్నా లూసీ మోటారు కారులో వచ్చాడు. ఇప్పుడు పెద్ద లాయరు, ఎన్నికల్లో నిలబడుతున్నాడు. కర్ర ఊనుకుని కుంటుకుంటూ వేదిక ఎక్కుతుంటే జనం టోపీలు తీసి చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషువాడి గుండు తగిలిందని నా పక్కవాడు వాడి కొడుక్కి చెబుతున్నాడు. గాబ్నెట్ వెనక వరసలో నిలబడి ఉంది. ఉపన్యాసం వినడంలేదు. ఆమె కళ్ళు వాడి బూట్ల మీదున్నాయి.

"ఒరిగిపోయింది," అంది నాతో. "రెండు వేళ్ళ మేర పొట్టి. ఇప్పుడైనా విరిచి మళ్ళీ కట్టొచ్చు. నొప్పి ఉంటుంది, కానీ నడక వస్తుంది. నన్ను అడగమని చెప్పు."

సభ అయ్యాక కారు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఫాక్ట్నా నన్ను గుర్తుపట్టాడు. కొంచెంసేపు కాలుకేసి చూసుకున్నాడు. కారు చుట్టూ మూగిన జనంకేసి చూశాడు.

"ఇట్లాగే ఉండనీ," అన్నాడు.

తిరిగొచ్చి ఆ మాటే ఆమెకి చెప్పాను. ఆమెకి కోపం రాలేదు.

"రాత్రిళ్ళు సలుపుతోందన్నాడా?" అని అడిగింది.

అది నేను అడగలేదు.